ప్రాసెసర్‌కీ రంగుకీ ఏం చుట్టరికం?

"ప్రింటులో రంగు సరిగ్గా రావడం లేదంటే సిస్టమ్ మార్చాల్సిందే." ఫొటో స్టూడియోల్లో, ఆల్బమ్ డిజైనింగ్ సెంటర్లలో, కంప్యూటర్ షాపుల కౌంటర్ల దగ్గర ఈ మాట వేదవాక్కులా చెలామణీ అవుతోంది. ఐ9 ప్రాసెసర్ వేయించు, ర్యామ్ 64 జీబీ చేయించు, గ్రాఫిక్స్ కార్డు పెద్దది పెట్టించు, చేతిలో డబ్బు ఆడితే ఏకంగా మ్యాక్ కొనెయ్, ఇక ఫొటోకి ఢోకా లేదు అంటారు. అన్నీ కొన్నాక కూడా ప్రింటు నల్లగా వస్తే ఆ పాపం ల్యాబ్ వాడి నెత్తిన రుద్దుతారు. నిన్నగాక మొన్న కెమెరా పట్టిన కుర్రాళ్లు ఇలా అంటే సరిపెట్టుకోవచ్చు. పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నవాళ్లూ ఇదే అంటున్నారు. శిక్షణ తరగతుల్లో ఇదే నూరిపోస్తున్నారు. నమ్మి, అప్పుచేసి మరీ కొంటున్నవాళ్లున్నారు. అందుకే ఈ మాటను మొదలంటా పరీక్షించాల్సి వస్తోంది.

డిజిటల్ ఫొటో అంటే ఏమిటి? అంకెల పట్టిక. ఒక్కో చుక్కకి మూడు అంకెలు: ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత. జేపెగ్ ఫైలులో ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది. ఫొటోషాప్‌లో మీరు కర్వ్ లాగినప్పుడు ప్రాసెసర్ చేసేదల్లా ఈ అంకెల మీద కూడికలూ గుణకారాలూ. 200ని 210 చేయమంటే పదేళ్ల కిందటి ఐ3 కూడా 210 చేస్తుంది, కొత్తగా వచ్చిన ఐ9 కూడా 210 చేస్తుంది. ఐ9 తొందరగా చేస్తుంది, అంతే. తొందరగా వచ్చిన 210 ఆలస్యంగా వచ్చిన 210 కన్నా ఎర్రగా ఉంటుందా? ర్యామ్ పెంచితే చీర అంచులో జరీ ఎక్కువ మెరుస్తుందా? ఔననేవాళ్లు ఎలాగో చెప్పాలి. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

వేగం అక్కర్లేదని నేననడం లేదు. పన్నెండు ముప్పై ఆరు సైజు ఆల్బమ్ షీటు అంటే 300 పీపీఐ దగ్గర అడ్డంగా 10,800, నిలువుగా 3,600 చుక్కలు. మొత్తం దాదాపు 3.9 కోట్లు. 8 బిట్‌లో చేసినా ఒక్క లేయరే 117 ఎంబీ దాకా మెమరీ తింటుంది. అలాంటివి పది లేయర్లు పేర్చుకుని, నలభై షీట్లు చేసే డిజైనర్‌కి ర్యామ్ చాలకపోతే నరకమే. 2023లో లైట్‌రూమ్‌లోకి వచ్చిన ఏఐ డీనాయిజ్ లాంటి పనులు మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే సెకన్లలో తేలిపోతాయి, లేకపోతే ఒక్కో ఫొటోకి నిమిషాలు పడతాయి. ముహూర్తాల సీజన్‌లో ఆ నిమిషాలన్నీ కూడితే నిద్రలేని రాత్రులవుతాయి. కాబట్టి వేగానికి ఖర్చు పెట్టండి, వేగమని తెలిసే పెట్టండి. రంగు పేరు చెప్పి వేగాన్ని అంటగట్టడం మీదే నా అభ్యంతరం.

మరి రంగు ఎక్కడ చెడుతోంది? కళ్లెదురుగానే. లక్షన్నర పోసి కట్టించిన సీపీయూ బల్ల కింద ఉంటుంది. దానికి తగిలించిన మానిటర్ మాత్రం బిల్లులు కొట్టుకోవడానికి చేసిన చౌక టీఎన్ ప్యానెల్. ఆ తెర ముందు కుర్చీలో వెనక్కి వాలితే చర్మం రంగు ఒకలా, ముందుకి వంగితే ఇంకోలా కనిపిస్తుంది. అలాంటిదాని మీద పెళ్లికూతురి ముఖం దిద్దుతున్నామంటే ఏ రంగుని చూసి దిద్దుతున్నట్టు? ల్యాప్‌టాప్‌లు ఇంకా అన్యాయం. పెద్ద గ్రాఫిక్స్ కార్డుతో వచ్చిన గేమింగ్ ల్యాప్‌టాప్‌ల్లో కూడా చాలావాటి స్పెసిఫికేషన్ కాగితం మీద తెర సంగతి "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. అంటే మామూలు తెరలకి ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా ఆ తెర చూపలేదు. దాని మీద ఎర్ర కంచిపట్టు చీర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. చూసినవాడు సాచురేషన్ స్లైడర్‌ను కుడిపక్కకి తోస్తాడు. ఫైలులో ఎరుపు అంకె 255కి చేరి గోడకి గుద్దుకుంటుంది. చీర మడతలు, నేత, బుటాలు అన్నీ కలిసి ఒకే ఎర్ర ముద్దగా మారతాయి. తెర మీద అప్పటికిగానీ బాగుందనిపించదు. ప్రింటు వచ్చాక పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ మొదటి షీటు చూసి ఇది మా చీర కాదంటుంది. ఆమె అన్నది అక్షరాలా నిజం. తలంబ్రాల పసుపుకీ ఇదే గతి పడుతోంది. ఈ నష్టాన్ని ఏ ప్రాసెసర్ ఆపుతుంది?

అంతకన్నా పెద్ద దొంగ తెర వెలుతురు. షాపులో పక్కపక్కన పెట్టినప్పుడు ఎక్కువ వెలిగేదే కంటికి ఆనుతుంది కాబట్టి చాలా మానిటర్లు ఫ్యాక్టరీ నుంచే చదరపు మీటరుకి 250, 300 క్యాండెలాల వెలుతురుతో వస్తాయి. ప్రింటు కోసం ఫొటో దిద్దేవాళ్లకి కావలసింది 80 నుంచి 120. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం రాసినవాళ్లు తెరకి పెట్టిన అంకె 80. అంటే స్టూడియోల్లో తెరలు ఉండాల్సినదానికి రెండు మూడింతలు వెలుగుతున్నాయన్నమాట. అంత వెలుగులో నీడలో ఉన్న ముఖం కూడా కళకళలాడుతుంది. దిద్దేవాడు బాగానే ఉందనుకుని వదిలేస్తాడు, పైపెచ్చు నలుపు ఇంకాస్త దట్టించి కాంట్రాస్ట్ పెంచుతాడు. కాగితానికి సొంత వెలుగు లేదు. గదిలో పడ్డ వెలుతురునే అది తిప్పి పంపాలి. మామూలు ఐపీఎస్ తెర మీద అతి తెలుపుకీ అతి నలుపుకీ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంటుంది. మంచి గ్లాసీ కాగితం మీద ఆ తేడా రెండు మూడు వందల రెట్లు, మ్యాట్ కాగితం మీద అంతకన్నా బాగా తక్కువ. వరుడి నల్ల సూటు, వెనకున్న చీకటి మంటపం కలిసిపోయి బొగ్గు ముద్ద కావడానికి కారణం ఇదీ. ల్యాబ్ యంత్రం ఏం నేరం చేసింది? ఫైలులో ఉన్న అంకెల్నే అచ్చేసింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ల్యాబ్ మీద ఈ కోపం. ఈ జబ్బుకి మొదటి మందు మానిటర్ బటన్ నొక్కి బ్రైట్‌నెస్ తగ్గించడం. దానికి పైసా ఖర్చు లేదు. ఏ షాపులోనైనా ఎవరైనా ఈ సలహా ఇవ్వగా విన్నారా?

ఇక గది. గులాబీ రంగు గోడలు, నెత్తిమీద నీలంగా వెలిగే ఎల్‌ఈడీ ట్యూబు, వీపు వెనక కిటికీ. మనిషి కన్ను చుట్టూ ఉన్న వెలుతురుకి సర్దుకుపోతుంది. పసుపు బల్బు కింద కూడా తెల్ల పంచె తెల్లగానే కనిపించేది ఆ సర్దుబాటు వల్లే. బతకడానికి అది గొప్ప వరం. తెర మీది తెలుపు అసలు తెలుపో కాదో తేల్చాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ కన్ను సాక్ష్యం చెల్లదు. మధ్యాహ్నం ఎండ పడుతుండగా దిద్దిన షీటూ, రాత్రి ట్యూబులైటు కింద దిద్దిన షీటూ ఒకే ఆల్బమ్‌లో పక్కపక్కన పడి పొసగకపోవడం మీరు చూడలేదా? అచ్చు పరిశ్రమ ఈ ఇబ్బందిని ఏనాడో గుర్తించి ఐఎస్‌ఓ 3664 అని ఒక ప్రమాణం పెట్టుకుంది. ప్రింటును డీ50 అనే నిర్ణీతమైన వెలుగులో చూడాలి, పక్కపక్కన పెట్టి నిశితంగా పోల్చేటప్పుడు ఆ వెలుగు 2000 లక్స్ ఉండాలి అని అందులో రాసుకుంది. మన స్టూడియోకి అంత సరంజామా అక్కర్లేదు. గోడలకి లేత బూడిద రంగు, కిటికీకి మందపాటి పరదా, పగలూ రాత్రీ ఒకేలా వెలిగే, రంగుల్ని ఉన్నదున్నట్టు చూపే మంచి సీఆర్‌ఐ బల్బు ఒకటి చాలు.

డార్క్‌రూమ్‌లో పనిచేసిన తరానికి ఇది చెప్పనక్కర్లేకపోయింది. నలుపు తెలుపు ప్రింటు చేసేటప్పుడు వాళ్లు ఎర్ర బల్బు తప్ప మరో వెలుతురు కిరణాన్ని గదిలోకి రానిచ్చేవాళ్లు కాదు. పెద్ద కాగితం తగలేసే ముందు చిన్న ముక్క కోసి, దాని మీద అంచెలంచెలుగా ఎక్స్‌పోజర్ ఇచ్చి, టెస్ట్ స్ట్రిప్ కడిగి చూసుకునేవాళ్లు. ఆన్సెల్ ఆడమ్స్ ఫొటోగ్రఫీ మీద రాసిన ప్రసిద్ధమైన మూడు పుస్తకాల్లో ఒకటి కెమెరాకి, ఒకటి నెగెటివ్‌కి, మూడోది పూర్తిగా ప్రింటుకే కేటాయించాడు. పనిలో మూడో వంతు కాగితం దగ్గరే ఉందని ఆయన లెక్క. మనవాళ్లు కెమెరా గురించి గంటలు మాట్లాడతారు, సిస్టమ్ గురించి ఇంకో గంట మాట్లాడతారు. ప్రింటు దగ్గరికి వచ్చేసరికి పెన్‌డ్రైవ్ ల్యాబ్ కౌంటర్ మీద పడేసి వచ్చేస్తారు. ఇరవై షీట్లు అచ్చేయించే ముందు ఒక్క చిన్న టెస్ట్ ప్రింటు తీయించేవాళ్లు ఎందరు?

"మేం కంటితోనే కాలిబ్రేట్ చేసుకుంటాం" అని కొందరు అనుభవజ్ఞులు గర్వంగా చెబుతారు. ల్యాబ్ నుంచి వచ్చిన ప్రింటును తెర పక్కన పట్టుకుని, రెండూ ఒకేలా కనిపించేదాకా మానిటర్ బటన్లు తిప్పడం వాళ్ల పద్ధతి. ఒక ప్రింటులోని ఒక చీర ఎరుపు కలిసేదాకా తిప్పారు, సరే. ఆ తిప్పుడులో బూడిద రంగు ఎటు పోయింది? నీడలు ఆకుపచ్చకి ఒరిగాయా? తర్వాతి పెళ్లిలో చీర నెమలి నీలమైతే మళ్లీ మొదటి నుంచి తిప్పుతారా? ఆ ప్రింటు తీసిన రోజు ల్యాబ్‌లో రసాయనం తేడాగా ఉండి ఉంటే ఆ తేడానే మీ తెరకి శాశ్వతంగా అంటించుకున్నట్టయింది. కాలిబ్రేటర్ అనే చిన్న పరికరం ఈ పని ఎలా చేస్తుందో చూడండి. తెర మీద ఆనిస్తే, తెలిసిన అంకెల రంగుల్ని వరుసగా చూపించి, తెర నిజంగా ఎంత చూపిందో కొలుస్తుంది. తెల్లదనం, గామా, వెలుతురు ఎక్కడ తప్పాయో అక్కడ సరిదిద్దుతుంది. సరిదిద్దాక మిగిలిన స్వభావాన్ని ప్రొఫైల్ అనే ఫైలులో రాసి పెడుతుంది. ఫొటోషాప్ ఆ ప్రొఫైల్ చదువుకుని అంకెల్ని ఈ తెరకి తగ్గట్టు మార్చి చూపిస్తుంది. తెర వయసుతో మారుతుంది కాబట్టి నెలకోసారి మళ్లీ కొలవాలి.

ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు మీద పోసే డబ్బులో చిన్న భాగానికి ఈ పరికరం వస్తుంది. అదీ భారమైతే ఒకే వీధిలో ఉన్న నాలుగు స్టూడియోలు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు, నెలకి అరగంట పని కదా. దాన్ని నడిపే ఆర్గిల్, డిస్‌ప్లేక్యాల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఇంత చౌకగా దొరికే దాన్ని పక్కన పెట్టి ఐ7 నుంచి ఐ9కి వెళ్లడానికి అప్పు చేయడాన్ని మీరైతే ఏమంటారు?

మ్యాక్ భక్తుల సంగతి వేరే చెప్పుకోవాలి. "మ్యాక్‌లో రంగు పుట్టుకతోనే కరెక్ట్" అనేది వాళ్ల సిద్ధాంతం. దాని మంచి దానికుంది: ఆపిల్ తన తెరల్ని శ్రద్ధగా సరిచూసి పంపుతుంది, రంగుల నిర్వహణ ఆ వ్యవస్థలో 1993 నాటి కలర్‌సింక్ నుంచీ ఉంది. కానీ 2009 దాకా మ్యాక్ వాడుకున్న గామా 1.8. ఆ ఏడాది స్నో లెపర్డ్‌తో 2.2కి మారింది, అంటే విండోస్ నడుస్తున్న దారికే వచ్చింది. ఒకే ఫైలు అంతకుముందు ఒక వెలుతురులో, ఆ తర్వాత మరో వెలుతురులో కనిపించింది. పుట్టుకతోనే సరైనదైతే 2009కి ముందు పుట్టిన మ్యాక్ సరైనదా, తర్వాత పుట్టినదా? ఇప్పటి మ్యాక్‌లో ట్రూ టోన్ ఆన్‌లో ఉంటే గది వెలుతురుని బట్టి తెర తెల్లదనం దానంతట అదే మారిపోతుంది. నైట్ షిఫ్ట్ వేస్తే సాయంత్రానికి పసుపెక్కుతుంది. ఈ రెండూ ఆపకుండా, బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టుకుని ఫొటోలు దిద్దుతున్న మ్యాక్ యజమానులు కోకొల్లలు. మ్యాక్ మినీ కొని పాత మానిటర్ తగిలించినవాళ్లకి కనిపించేది ఆ పాత మానిటర్ రంగే. అసలు 1993లో అడోబ్, ఆపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్ సహా ఎనిమిది కంపెనీలు కూడి ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం ఎందుకు పెట్టుకున్నాయి? ఏ రెండు పరికరాలూ ఒకే అంకెని ఒకే రంగుగా చూపవని, ప్రతిదాని స్వభావాన్నీ కొలిచి ప్రొఫైల్‌గా రాసుకోవాల్సిందేనని ఒప్పుకున్నందుకే. తయారుచేసినవాళ్లే ముప్పై ఏళ్ల కిందట ఒప్పుకున్నదాన్ని కొన్నవాళ్లు ఇంకా ఒప్పుకోవడం లేదు.

"పెద్ద కలర్ స్పేస్ పెట్టుకుంటే మంచి రంగులు" అనేది ఇదే కుటుంబానికి చెందిన మరో భ్రమ. ఎస్‌ఆర్‌జీబీని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించాయి. 1998 నాటి అడోబ్ ఆర్‌జీబీ ఆకుపచ్చ, సయాన్ల వైపు దానికన్నా విశాలం. ఆ విశాలత చివరిదాకా పట్టించుకునేవాళ్లకి పనికొస్తుంది. మన ఆల్బమ్‌లు ఎక్కువగా వెళ్లేది నోరిట్సు, ఫ్యూజీ ఫ్రాంటియర్ లాంటి యంత్రాల దగ్గరికి. అక్కడ చాలా ల్యాబ్‌లు వచ్చిన ప్రతి ఫైలునూ ఎస్‌ఆర్‌జీబీ అనే అనుకుని అచ్చేస్తాయి. అడోబ్ ఆర్‌జీబీ అంకెల్ని ఎస్‌ఆర్‌జీబీగా చదివితే రంగులు పాలిపోతాయి. ఫొటోగ్రాఫర్ ఏం చేస్తాడు? కారణం వెతకడు. రంగు ఇంకాస్త పెంచి పంపుతాడు. ఆ తర్వాత ప్రొఫైల్‌ను సరిగ్గా గౌరవించే మరో ల్యాబ్‌కి అదే ఫైలు వెళితే ముఖాలు నారింజ రంగు పులుముకుని వస్తాయి. అప్పుడు మంచి ల్యాబ్‌కే చెడ్డపేరు. ల్యాబ్ ఏది అడిగితే అందులోకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ జతచేసి పంపడానికి ఎంత గ్రాఫిక్స్ మెమరీ కావాలి?

ఫైలు మీద 300 డీపీఐ అని ఉంటేనే ప్రింటు బాగా వస్తుందనే గొడవకి రెండు వాక్యాలు చాలు. 6,000 × 4,000 చుక్కల ఫొటో మీద 72 అని రాసి ఉన్నా 300 అని రాసి ఉన్నా చుక్కలు అవే, 20 అంగుళాల వెడల్పున అచ్చేస్తే అంగుళానికి 300 వస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన చిన్న ఫొటో మీద 300 అని మార్చి రాస్తే లేని వివరం ఎక్కడి నుంచి పుట్టుకొస్తుంది?

సొంతంగా ప్రింటర్ పెట్టుకున్నవాళ్లు ఇంకో గోతిలో పడుతున్నారు. ఎప్సన్ ఎల్805 లాంటి ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ మన ఊళ్లలో చాలాచోట్ల కనిపిస్తుంది. ఫొటోషాప్ ప్రింట్ పేజీలో రంగుల బాధ్యత ఫొటోషాప్‌కి అప్పగిస్తారు, ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ కంట్రోల్ మాత్రం ఆపరు. రెండూ ఒకే ఫొటోని చెరోసారి దిద్దుతాయి. ముఖాలు ఎర్రబారతాయి. ఎర్రబారాయని సయాన్ పెంచుతారు, ఆ పెంచిన సెట్టింగ్‌ను ఒక ప్రీసెట్‌గా దాచుకుని స్నేహితులకి కూడా పంచుతారు. పైగా ట్యాంకులో పోసేది పేరులేని ఇంకు, పెట్టేది ఏదో కంపెనీ కాగితం. ప్రొఫైల్ అనేది ఫలానా ప్రింటర్, ఫలానా ఇంకు, ఫలానా కాగితం ఈ మూడింటి కలయికకి రాసిన లెక్క. వాటిలో ఒక్కటి మారినా ఆ లెక్క చెల్లదు. చౌక ఇంకు వాడుకోండి, తప్పులేదు. దానికి తగిన ప్రొఫైల్ చేయించుకోండి. అది చేయించుకోకుండా ప్రింటర్‌ను, చివరికి కంప్యూటర్‌ను తిడితే ఎవరికి లాభం?

"ఈ రోజుల్లో అందరూ ఫోన్‌లోనే చూస్తారు, ఇంత అవసరమా?" అనేవాళ్లకి నా ప్రశ్న ఒక్కటే. అలాగైతే ఆల్బమ్‌కి అంత డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? కాగితం మీద వస్తుందనే కదా ఆ కుటుంబం ఇస్తోంది. ఫోన్లలో చూసేవాళ్ల కోసమైనా నమ్మదగిన తెర మీద దిద్దిన ఎస్‌ఆర్‌జీబీ ఫైలే ఎక్కువ చోట్ల ఎక్కువ సరిగ్గా కనిపిస్తుంది. వివిడ్ మోడ్‌లో పెట్టుకున్న ఒక్క ఫోనును ప్రమాణంగా పట్టుకుని దిద్దితే మిగతా అన్ని ఫోన్లలోనూ తప్పు కనిపిస్తుంది.

ప్రత్యర్థి దగ్గర మిగిలిన బలమైన వాదం ఒక్కటుంది, దాన్ని దాటవేయను: "మేం ఎంత సరిగ్గా పంపినా ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ వేసి చెడగొడతారు." నిజమే, చెడగొట్టే ల్యాబ్‌లున్నాయి. ప్రొఫైల్ అడిగితే వింతగా చూసేవి ఉన్నాయి. కంట్రోల్ స్ట్రిప్‌తో రసాయనాన్ని రోజూ సరిచూసుకోనివీ ఉన్నాయి. అయితే ఆ నేరాన్ని మీరు ఏ ఆధారంతో మోపుతారు? కొలత లేని తెర ముందు కూర్చుని "మా సిస్టమ్‌లో బాగానే కనిపించింది" అంటే ల్యాబ్ యజమాని "మా యంత్రంలో బాగానే వచ్చింది" అంటాడు. ఇద్దరి మాటకీ ఒకే విలువ. తెర కొలిపించుకోండి, వెలుతురు 100 క్యాండెలాల దగ్గర పెట్టండి. ల్యాబ్ ప్రొఫైల్ ఇస్తే దాన్ని ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్‌కి పెట్టి చూడండి. ఏ ఎరుపు అచ్చులో నిలవదో ముందే తెలుస్తుంది. ఒక ముఖం, ఒక పట్టు చీర, పక్కన తెలుపు నుంచి నలుపు దాకా బూడిద మెట్లు ఉన్న చిన్న ఫైలు చేసి, కరెక్షన్ వద్దని రాసి, రెండు ల్యాబ్‌లకి పంపండి. రెండు ప్రింట్లనూ ఒకే బల్బు కింద పక్కపక్కన పెట్టండి. బూడిద మెట్లు ఎక్కడ ఆకుపచ్చకో ఎరుపుకో ఒరిగాయో పక్కింటి పిల్లవాడు కూడా చూపిస్తాడు. ఆ ప్రింటు పట్టుకుని ల్యాబ్‌కి వెళ్లండి. ఈ పరీక్షకి ఇప్పుడు మీ దగ్గరున్న పాత సిస్టమే సరిపోతుంది.